కాకులు లేని నది

కృష్ణలంక, విజయవాడ
ప్రమాదీచ, పుష్యమాసం, 12–1–1974

చిరంజీవి పూర్ణచంద్రరావును మనసారా దీవిస్తూ బావ రామ్మూర్తి వ్రాస్తున్నాను.

సముద్రాల అవతలినుంచి నీవు వ్రాసిన మొదటి ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. పోస్టుమాన్ బసవపున్నయ్య కవరు మీది బిళ్ళలో ఉన్న ఎద్దును తేరిపార చూసి, "మన ఒంగోలు గిత్త ముందు ఇదేం ఎద్దండీ, మేష్టారూ!" అని తీర్పు చెప్పి గాని ఉత్తరం నా చేతికివ్వలేదు. బ్యూనస్ ఎయిర్స్ అన్న ఆ నగరం పేరు మీ అక్కయ్య పలకనంటోంది. నోరు తిరగక కాదు, నీ మీది కోపం చేత.

ఆ కోపం సంగతి దాచి ప్రయోజనం లేదు. మీ అమ్మగారు, మా అత్తగారు సీతారావమ్మగారు, గత శ్రావణ బహుళ నవమినాడు కాలం చేశారు. ఒక్కగానొక్క కొడుకువై ఉండి ఏడాది తిరగకముందే నీవు సముద్రం దాటావు. నదుల నీటిలోని మాలిన్యాన్ని పరీక్షించే ఇంజనీరు ఉద్యోగం రెండేళ్ళపాటు అక్కడ దొరికిందనీ, అటువంటి అవకాశం మళ్ళీ రాదనీ నేనెంత నచ్చజెప్పినా మీ అక్కయ్య చెవికెక్కలేదు. "అక్కడి నదుల మురికి చూడ్డానికి మా చంద్రమే కావాల్సొచ్చాడా? ఆ దేశంలో మురికున్నవాళ్ళకి ఇంజనీర్లు లేరా?" అని ఒకటే మాట. నిన్న నీ ఉత్తరం చూడగానే వంటింటి గడపలో నిలబడి శపథం చేసింది. "అమ్మ తద్దినం వాడు నది ఒడ్డున శాస్త్రప్రకారం పెట్టాలి. పిండం కాకి ముట్టాలి. అందాకా వాడి ఉత్తరం చదవను, వాడికొక ముక్క రాయను!"

చదవనన్నదే గాని విననని అనలేదు. కనుక వసారాలో కూర్చొని పురాణం చెప్పే గొంతుతో నీ ఉత్తరం చదివాను. వంటింట్లో గిన్నెల చప్పుడు చివరి వాక్యం దాకా ఆగిపోయింది.

ఇక కర్తవ్యం. తద్దినానికి సంకల్పం చెప్పాలి కదా. ఏ ఖండంలో, ఏ దిక్కున, ఏ నదీతీరాన నిలబడి ఈ కర్మ చేస్తున్నామో పితృదేవతలకు విన్నవించుకోవడమే సంకల్పం. ఇక్కడైతే కృష్ణా గోదావరుల మధ్య అంటే చాలును. నీవున్న చోటు చెప్పకపోతే మీ అమ్మగారు నిన్ను ఎక్కడని వెదుక్కుంటారు? కనుక ఆ నది వంశవృత్తాంతం వ్రాయి. ఎక్కడ పుట్టింది, ఎవరెవరిని కలుపుకొన్నది, ఎటు పారి ఏ సముద్రంలో పడుతుంది, స్నానయోగ్యమా కాదా, అన్నీ కావాలి.

మీ అమ్మగారికి నీళ్ళంటే ఎంత ప్రాణమో నీకు చెప్పాలా! బందరు కాలువ రేవులో కృష్ణలంక పిల్లలందరికీ ఈత నేర్పిన గురువు. బోధనాపద్ధతి ఒక్కటే. మెట్టు మీద నిలబెట్టి, వెనకనుంచి ఒక్క తోపు. మీ అక్కయ్యకు అలాగే అబ్బింది. ఆ గురుకృప తప్పించుకొని తువ్వాలుతో సహా బందరు రోడ్డు దాకా పరుగెత్తినవాడివి నీవొక్కడివేనట.

వేళకు భోజనం చెయ్యి.
బావ, రామ్మూర్తి


బ్యూనస్ ఎయిర్స్
10–2–1974

పూజ్యులైన బావగారికీ, వినడం లేదనుకుంటూ వింటున్న అక్కయ్యకీ నమస్కారాలు.

మీరడిగిన వంశవృత్తాంతం ఇదిగోనండి. ఇక్కడి మహానది పేరు పరానా. ఉత్తరాన బ్రెజిల్ పీఠభూమిలో పుట్టి, దక్షిణంగా వచ్చి, దారిలో పరాగ్వే అనే నదిని కలుపుకుంటుంది. కడపట పాయలు పాయలుగా చీలి మన దివిసీమలాగా లంకలు వేస్తుంది. ఆ పాయలన్నీ ఉరుగ్వే అనే మరో నదితో కలిసిన చోటునుంచి దాని పేరు లా ప్లాటా. వెండి నది అని అర్థం. అట్లాంటిక్ సముద్రంలో పడుతుంది. నగరం పడమటి ఒడ్డున ఉంది. ఒడ్డున నిలబడితే ఆవలి గట్టు కనిపించదు. మన బ్యారేజీలు ముప్పై నలభై వరసగా పేరిస్తే గాని అటు చేరలేం. వెండి మాటేమో గాని, నీళ్ళు మాత్రం వరదరోజుల కృష్ణ రంగు.

మీరక్కడ మాఘస్నానాలకి వణుకుతూ ఉంటారు. ఇక్కడ రోహిణీకార్తె ఎండ! కాలాలు తలకిందులు. ఆదివారం వస్తే ఊరు ఊరంతా నది ఒడ్డుకు తరలివస్తుంది. ఆడా మగా, ముసలీ ముతకా తేడా లేదు. ఒంటి మీద బట్ట నామమాత్రం. ఒళ్ళంతా నూనె పట్టించి, ఇసుక మీద సూర్యుడికి అభిముఖంగా పడుకొని పొద్దుగూకేదాకా కదలరు. పలకరిస్తే కూడా విసుక్కుంటారు.

నా పని రోజూ సీసాలతోనే. ఒక్కో రేవు దగ్గర నీళ్ళు పట్టి తెచ్చి పరీక్షించాలి. మాసికాలు మీరు చెప్పినట్టు గదిలోనే తిలోదకాలతో జరుపుతున్నాను. నువ్వులు ఒక అరబ్బుల కొట్లో దొరికాయి. అమ్మకి చెప్పుకున్నాను, ఈ ఒక్క ఏడూ సర్దుకోమని. అక్కయ్యకి చెప్పే ధైర్యం మీకే వదిలేస్తున్నాను.

మీ పూర్ణచంద్రరావు


కృష్ణలంక
ప్రమాదీచ, ఫాల్గుణం, 14–3–1974

చిరంజీవి పూర్ణచంద్రరావుకు ఆయురారోగ్యాలు కలగాలి.

నీ ఉత్తరం చదివి పులకించిపోయాను. ఒంటికి తైలం, సూర్యుడికి అభిముఖం, ఉదయంనుంచి అస్తమయం దాకా మౌనం! పంచాగ్నిమధ్యంలో తపస్సు చేసే మునులను కావ్యాలలో చదివాను గాని, ఒక నగరానికి నగరమే ఆదిత్యోపాసన చేస్తుందని వినలేదు. మొన్న ఆదివారం రామమందిరంలో నా పురాణ కాలక్షేపంలో ఈ సంగతి సవిస్తరంగా చెప్పాను. సభ సభంతా చేతులు జోడించింది. కీళ్ళనొప్పుల రావమ్మగారు మర్నాటినుంచే ఒంటికి నువ్వులనూనె పట్టించి డాబా మీద చాప వేసుకొని ఉపాసన ప్రారంభించారు.

ఇక ధర్మసందేహం. ఆవలి గట్టు కనబడనిదాన్ని నది అనాలా, సముద్రమనాలా? నవ్వకు. సముద్రస్నానానికి పర్వదినం కావాలి, నవమినాడు కుదరదు. నదీస్నానానికి ఏ రోజైనా ఒకటే. పురోహితుడు వెంకటప్పయ్య "పేరు నదైతే నదేనండీ" అంటాడు. పేరుదేముంది? వెండి అని పేరు పెట్టుకొని బురద మోస్తున్నది కదా! నిర్ణయానికి ఒక్కటే మార్గం. ఒక పుక్కిలి నీరు నోట వేసుకొని, ఉప్పగా ఉందో తియ్యగా ఉందో వెంటనే వ్రాయి.

నీవు కాకుల ప్రస్తావన తేలేదు. ఎక్కడైనా ఉండేవే గనుక నేనూ అడగలేదు. కాని వంటింట్లోంచి, గోడనెవరినో అడుగుతున్నట్టు ఒక ప్రశ్న వచ్చింది. "ఆ దేశపు కాకులు మినపగారెలు తింటాయో, తినవో!"

జవాబు గోడకే వ్రాయి.
బావ


బ్యూనస్ ఎయిర్స్
20–4–1974

బావగారికి నమస్కారాలు. గోడకి కూడా.

మొట్టమొదట రావమ్మగారిని డాబా మీదనుంచి దింపండి. వాళ్ళు ఉపాసకులు కారండీ! ఒంటి రంగు నల్లబడాలని పడుకుంటారు. ఎంత నల్లబడితే అంత గొప్ప. నన్ను చూసి మా ఆఫీసులో ఒకాయన, "ఎన్నాళ్ళు పడుకున్నారేమిటి?" అని అసూయపడ్డాడు.

పుక్కిలి నీళ్ళు నోట వేసుకోమన్నారు. ఆ పని చేస్తే నా తద్దినం కూడా మీరే పెట్టాల్సి వస్తుంది. సీసాల్లో పరీక్షించి చెబుతున్నాను, మంచినీళ్ళే. సముద్రపు ఉప్పు నగరం దాకా ఎక్కిరాదు. కాబట్టి ఇది నదే. కాని స్నానయోగ్యం కాదు. నగరానికి దక్షిణాన ఒక చిన్న యేరు ఇందులో కలుస్తుంది. తోళ్ళు ఊని పదునుచేసేవాళ్ళూ, పశువుల్ని కోసేవాళ్ళూ తరతరాలుగా అంతా దాంట్లోకే వదిలారు. నీళ్ళు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నల్లగా ఉంటాయి. దగ్గర ముక్కు పెట్టలేం. నగరపు మురుగు కూడా చాలాచోట్ల నదిలోకే. ఒడ్డున "స్నానం నిషిద్ధం" అని పెద్ద బోర్డు ఉంది. జనం దాని నీడలో తువ్వాళ్ళు పరుచుకుంటున్నారు. మీరు నవ్వేముందు ఒక్కసారి మన బందరు కాలువ రేవు చూసి రండి. నేను బయలుదేరే ముందు చూసి, చెప్పలేక ఊరుకున్నాను.

ఇక భయపడుతూ రాస్తున్న సంగతి. ఈ దేశంలో కాకులు లేవు. ఒక్కటీ లేదు. పక్షుల పుస్తకం రాసినాయన్ని అడిగాను. ఈ ఖండం మొత్తం మీద మన కాకి జాతి లేదట. ఆయన ఎందుకని అడిగాడు. మా అమ్మ కోసమని చెప్పాను.

ఏం చెయ్యమంటారు? నాకేం పాలుపోవడం లేదు. ఆదివారాలు దిగులుగా ఉంటే ఎల్విరా పడవ మీద తీసుకెళుతోంది. పైన పరానా లంకల్లో ఆమెకి ఒక తెడ్ల పడవల క్లబ్బు ఉంది. నాకు తెడ్డు వెయ్యడం నేర్పుతానంటోంది.

మీ పూర్ణచంద్రరావు


కృష్ణలంక
ఆనంద, జ్యేష్ఠం, 28–5–1974

చిరంజీవి పూర్ణచంద్రరావుకు ధైర్యం కలగాలని దీవిస్తూ,

నీ ఉత్తరం మా ఇంట్లో లేపిన దుమారం వర్ణించాలంటే శార్దూలవృత్తాలు కావాలి. వచనంలో సంక్షేపిస్తాను.

కాకులు లేవని నేను చదవగానే మీ అక్కయ్య గరిటతో సహా వసారాలోకి వచ్చేసింది. "కాకుల్లేని దేశం ఉంటుందా? కాకి లేకుండా తెల్లారుతుందా? తప్పించుకోటానికి ఎంత మాటైనా రాస్తాడు. చిన్నప్పుడూ ఇంతే, కాలువలో మొసలుందని చెప్పి పారిపోయాడు!" వెంకటప్పయ్య అక్కడే ఉన్నాడు. "పోనీ అమ్మా, ఇక్కణ్ణించి ఒక జత విమానంలో పంపిద్దామా?" అన్నాడు. ఆయన దక్షిణ ఆ పూట ఆలస్యమైంది.

తరువాత ఎల్విరా. నేను ఆ వాక్యం వీలైనంత తగ్గుస్వరంతోనే చదివాను. అయినా గోడ విన్నది. "ఎవరా ఎల్విరా? ఏం వయసు? పెళ్ళి చేసుకోరా అంటే ముప్పై నాలుగేళ్ళొచ్చినా వినని వాడు, ఇప్పుడు పడవల మీద తిరుగుతున్నాడా? ఏటిసూతకంలోనా!" దీనికి సమాధానం తక్షణం పంపు. ఇంట్లో కూరలలో ఉప్పు కొలత తప్పుతున్నది.

రావమ్మగారిని దింపలేకపోయాను. మోకాళ్ళు తేలికపడ్డాయట. "మీ బావమరిది ఏమైనా రాసుకోనీండి, శాస్త్రుల్లుగారూ. నేను మానను" అన్నారు. ఇప్పుడు ఆ డాబా మీద మూడు చాపలు.

నీవు చెప్పావని రేవుకు వెళ్ళి చూశాను. అత్తగారు పిల్లలను నిలబెట్టిన మెట్టుకు ఎగువనే మురుగుతూము తెరిచారు. విస్తరాకులు, సబ్బునురగ, పేరు చెప్పరాని పదార్థాలు. ఆమె పోయాక ఆ వైపు వెళ్ళలేదు గనుక నా కంట పడలేదు. లా ప్లాటాను చూసి నవ్వబోయిన నోరు మూసుకొని ఇంటికి వచ్చాను. సంబంధిత కార్యాలయానికి ఒక సీసపద్యం వ్రాసి పంపాను. "తమ అర్జీ అందింది. అర్థం కాలేదు. వచనంలో తిరిగి పంపవలెను" అని జవాబు వచ్చింది.

ఇప్పుడు కాకి సమస్యకు పరిష్కారం. నాలుగు రాత్రులు గ్రంథాలు తిరగేశాను. పిండాన్ని ఆవుకు గాని, అగ్నికి గాని, నీటికి గాని సమర్పించవచ్చునని ధర్మశాస్త్రం విస్పష్టంగా చెబుతున్నది. కాకి లేకపోతే నది ఉన్నదన్నమాట. ఈ మాట గోడకు వినిపించాను. ఆపైన మీ అక్కయ్య బయటికి వచ్చి, నా వైపు చూడకుండా అన్నది. "నీళ్ళల్లో వదిలితే చేపలన్నా తినాలిగా. తోళ్ళు ఊనిన నీళ్ళల్లో చేపలెలా బతుకుతాయి? చచ్చిన నీళ్ళల్లో మా అమ్మ పిండం వెయ్యనివ్వను. చేప ముట్టాలి. వాడు కళ్ళారా చూడాలి. అప్పుడు నమ్ముతాను."

నలభై ఏళ్ళు శాస్త్రం చదివిన నాకు తోచని నియమం ఇది. శపథం సడలింది, గమనించావా? కాకి స్థానంలో చేప వచ్చింది. కనుక నాయనా, నీ సీసాలూ నీ చదువూ ఇప్పుడు మీ అమ్మగారికి పనికిరావాలి. చేపలు బతికే నీరు ఎక్కడున్నదో వెదుకు.

భోక్తలు దొరకరు గనుక దర్భముడిని కూర్చోబెట్టి జరిపించు. దర్భలు ఈ కవరులోనే మడిచి పెట్టాను.

బావ


బ్యూనస్ ఎయిర్స్
5–7–1974

బావగారికీ, ఉప్పు సరిగా వెయ్యవలసిన అక్కయ్యకీ నమస్కారాలు.

ఎల్విరా నేను అద్దెకుంటున్న ఇంటిగలావిడ. అరవై ఎనిమిదేళ్ళు. బడిపంతులమ్మగా చేసి రిటైరైంది, భర్త లేడు. ప్రతి ఆదివారం తెడ్ల పడవ నడపకపోతే ఆమెకి అన్నం సయించదు. అక్కయ్య ఇక కూర దింపవచ్చు.

దర్భల గురించి తపాలావాళ్ళు పిలిపించి ఇదేం మందని అడిగారు. మా అమ్మ కూర్చునే పీట అని చెప్పాను. నాకు వచ్చిన స్పానిష్ భాషలో అంతకంటే చెప్పలేకపోయాను. ఇచ్చేశారు.

చేపలున్న నీరు దొరికింది! నగరానికి ఎగువన లంకల మొదట తిగ్రె అనే ఊరుంది. పులి అని అర్థం. ఒకప్పుడు ఆ లంకల్లో పులులు తిరిగేవట. ఇప్పుడు పడవల క్లబ్బులున్నాయి. అక్కణ్ణించి లోపలికి పోతే రోడ్లు లేవు, అన్నీ పాయలే. ఇళ్ళు గుంజల మీద నిలబడి ఉంటాయి. లాంచీలే బస్సులు. కిరాణా కొట్టు కూడా పడవ మీదే వచ్చి కూత వేస్తుంది. బందరు కాలువ మీద లాంచీలు తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తే నది వెనక్కి నడిచి గుంజలెక్కుతుంది. ఊరి దగ్గరి పాయల్లో నీళ్ళు బాగాలేవు గాని, పైకి పోయిన కొద్దీ తేరుకుంటున్నాయి. నేను సీసాలు పట్టుకుంటూ పోయి ఒక లంక దగ్గర ఆగాను. అక్కడ నీళ్ళలో ప్రాణవాయువు నిండుగా ఉంది. రొట్టెముక్క వేస్తే చేపలు బిలబిలమని వచ్చాయి.

ఎల్విరా నన్నే తెడ్లు వెయ్యమంటోంది. ఈ పడవలో తెడ్డు వేసేవాడు వెనక్కి చూస్తూ ముందుకు పోవాలి. దారి చూసి చెప్పేవాళ్ళు వాడికెదురుగా కూర్చుంటారు. నాకు చేతులు బొబ్బలెక్కాయి. ఈత రాదు కదా, పడవ ఊగితే గుండె జారిపోతోంది.

ఇక్కడ చలి విపరీతంగా ఉంది. మూడు రగ్గులు కప్పుకున్నా పళ్ళు టకటకలాడుతున్నాయి. స్నానం మాత్రం నదిలో నావల్ల కాదు. ఇంట్లో వేణ్ణీళ్ళు పోసుకొని, అక్కడ నది నీళ్ళు నెత్తిన చల్లుకుంటే చాలదా?

మీ పూర్ణచంద్రరావు


కృష్ణలంక
ఆనంద, శ్రావణం, 22–7–1974

చిరంజీవి పూర్ణచంద్రరావుకు శుభం.

తొందరగా వ్రాస్తున్నాను, నవమికి ముందే అందాలి.

మూడు రగ్గులు, పళ్ళు టకటక అని చదివానో లేదో, "చలిజ్వరం! ఆషాఢంలో చలేమిటి? వాడు మనకు దాస్తున్నాడు!" అని మీ అక్కయ్య మిరియాలు దంచడం మొదలుపెట్టింది. మేరువుకు ఆవలివారికి మన పగలు రాత్రి, మన వేసవి శీతకాలమని సిద్ధాంతగ్రంథాలు ఎప్పుడో చెప్పాయంటే, "గ్రంథాలకు జ్వరం రాదు" అంది. మిరియాలపొడి పొట్లం వేరే తపాలాలో వస్తున్నది. నీకు వ్రాయనన్నది గాని పొడి పంపనని అనలేదు.

సంకల్పం సిద్ధం. ఋతువు దగ్గర వెంకటప్పయ్యకూ నాకూ రెండు రోజులు వాదం. ఇక్కడి వర్షఋతువే చెప్పాలని ఆయన. నీవు వణుకుతూ వర్షఋతువని చెబితే మీ అమ్మగారు నమ్ముతారా అని నేను. అయనం సూర్యుడిది, లోకానికంతటికీ ఒకటే. ఋతువు మాత్రం నిలబడిన నేలది. కనుక ఇలా చెప్పుకో: "లవణసముద్రస్య పశ్చిమే తీరే, పరానానామ్న్యాః మహానద్యాః సంగమసమీపే, నదీద్వీపే, దక్షిణాయనే, శిశిరఋతౌ, శ్రావణమాసే..." ఇంత స్పష్టంగా చెప్పాక మీ అమ్మగారు దారి తప్పరు.

వెనక్కి చూస్తూ ముందుకు పోయే పడవ అన్నావు. అదే కదా శ్రాద్ధం! తగిన వాహనం దొరికింది నీకు.

నీళ్ళు చల్లుకుంటే శాస్త్రానికి చాలును. గోడ మాత్రం, "చల్లుకుంటే స్నానమా? అమ్మ వింటే నవ్విపోతుంది" అంటోంది.

జాగ్రత్తగా కూర్చో, పడవలో.
బావ


బ్యూనస్ ఎయిర్స్
13–8–1974

పూజ్యులైన బావగారికి,

అయింది. ఆదివారం పొద్దున అయింది. ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. వరసగా చెప్పేస్తాను.

తెల్లవారుతూనే తిగ్రె చేరాం. గడ్డి మీద మంచు ఉప్పులా పేరుకొని ఉంది. నేను తెడ్లు వేశాను. ఎల్విరా ఎదురుగా కూర్చొని దారి చెప్పింది. నేను చూసి పెట్టుకున్న లంక దగ్గర ఒక పాత చెక్కరేవు ఉంది. అక్కడే కిరసనాయిలు స్టౌ మీద అన్నం వండాను. మీ దర్భముడిని అమ్మ కూర్చున్నట్టే కూర్చోబెట్టాను. సంకల్పం తప్పు లేకుండా చెప్పాను బావగారూ. శిశిరఋతౌ అన్నప్పుడు నోట్లోంచి పొగ వచ్చింది.

ఎల్విరా తలకి గుడ్డ కట్టుకొని కదలకుండా కూర్చుంది. నేను నువ్వులు తీసుకుంటుంటే మెల్లగా, "మా అమ్మకి కూడా కొంచెం వెయ్యవచ్చా?" అని అడిగింది. ఆవిడ పేరు రోసా అట. దిక్కులేనివాళ్ళకీ, పేరు తెలియనివాళ్ళకీ నీళ్ళు వదలడం మన పద్ధతిలో ఉందని మీరు చెప్పింది గుర్తొచ్చి, దోసిలి పట్టించి వదిలించాను. తప్పయితే చెప్పండి.

ఆ తరువాత పడవని పాయ మధ్యకి తెచ్చి, పిండం నీళ్ళలో వదిలాను. కాసేపు ఏం లేదు. బురదరంగు నీళ్ళు, అంతే. అక్కయ్యకి ఏమని రాయాలి? అబద్ధం రాయలేను. ఇంతలో నీళ్ళ కింద ఏదో తళుక్కుమంది. ఒకటి, రెండు, ఆపైన వందలు. వేలెడేసి చేపలు, ఒట్టి వెండి! మెతుకు మిగల్చలేదు. పేరులో ఉన్న వెండి ఎక్కడని అడిగారు కదా, ఇదిగో ఇక్కడుందండీ.

సంతోషం పట్టలేక పడవలో లేచి నిలబడ్డాను. అంతే, నీళ్ళలో పడ్డాను! దూరంగా పోయిన లాంచీ అల తగిలిందని ఎల్విరా అంటుంది. నాకు మాత్రం వెనకనుంచి వీపు మీద ఎవరో చెయ్యి పెట్టినట్టే అనిపించింది. ఎల్విరా నాకు ఎదురుగా ఉంది. వెనక ఎవరూ లేరు.

పూర్తిగా మునిగాను. కొంచెం తాగాను కూడా. తియ్యగానే ఉన్నాయి. చేతులూ కాళ్ళూ కొట్టుకుంటే పైకి తేలాను. ఎంత దూరమో తెలియదు గాని, ఒడ్డు వైపు వెళ్ళాను. నిలబడి చూసుకుంటే నీళ్ళు రొమ్ము దాకానే. ఎల్విరా తెడ్డు మీద వాలిపోయి నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఏడాదిలో అంత నవ్వడం అదే మొదలు.

జలుబు చేసింది. అక్కయ్య పంపిన మిరియాలపొడి సరిగ్గా నిన్ననే అందింది.

మీ పూర్ణచంద్రరావు


కృష్ణలంక
ఆనంద, అధిక భాద్రపదం, 26–8–1974

చిరంజీవి, స్నాతకుడు పూర్ణచంద్రరావుకు,

నిన్న సాయంకాలం నీ ఉత్తరం వచ్చింది. అలవాటు చొప్పున వసారాలో గొంతు సవరించుకున్నాను. చదువుతూ "కాసేపు ఏం లేదు" అన్న చోటికి వచ్చేసరికి తరువాతి వాక్యం చదవడానికి ధైర్యం చాలలేదు. ఆగాను. వంటింట్లోంచి, "ఆగారేం? చదవండి!" అన్న కేక. చేపలు వచ్చాయి. గడపలో మీ అక్కయ్య కనిపించింది. నీవు నీళ్ళలో పడ్డావు. ఉత్తరం నా చేతిలో లేదు.

తానే చదివింది. రెండుసార్లు. శపథం తీరినట్టే కదా. రెండోసారి వీపు మీద చెయ్యి అన్న చోట నిలిచి, మొదట కళ్ళొత్తుకుని, తరువాత నవ్వడం మొదలుపెట్టింది. అత్తగారు పోయాక ఈ ఇంట్లో ఆ నవ్వు వినడం ఇదే. వెంకటప్పయ్య వీధిలోంచి వచ్చి, ఏమైందని కంగారుపడ్డాడు.

రోసమ్మగారికి నీళ్ళు వదిలించినందుకు తప్పేమీ లేదు. అది ధర్మోదకం. వచ్చే ఏడు కూడా వదిలించు.

నాకు పద్యం రాక మానలేదు. అప్పటికప్పుడు చెప్పాను.

కాకి లేని చోట కరుణించి చేపలే
మాత పిండమంది మనసు నింపె;
నీట మునిగి కొడుకు నిక్కంపు గంగలో
తల్లి చేయి తగిలి తడిసినాడు.

వెంకటప్పయ్య "ఆహా" అన్నాడు. మీ అక్కయ్య అనలేదు. "తగలడం ఏమిటండీ? మా అమ్మ ఎప్పుడైనా తగిలిందా? తోసింది అని రాయండి" అంది. పండితుణ్ణి కదా, కొంత మొరాయించాను. రాత్రి పడుకోబోతూ గణాలు కట్టి చూసుకున్నాను. సరిపోయింది. అర్థానికి అదే సరి. కాబట్టి నాలుగవ పాదం ఇలా దిద్దుకో:

తల్లి చేయి తోయ తడిసినాడు.

మురుగుతూము సంగతి కూడా ఆమే చేతిలోకి తీసుకుంది. "మీ పద్యాలు మానండి. రేపు నేనూ రావమ్మగారూ ఆ ఆఫీసుకు వెళ్ళి వచనంలో చెబుతాం" అంటోంది. ఆ కార్యాలయాన్ని తలచుకొంటే జాలి వేస్తున్నది.

ఈ కాగితం చివర కొంత చోటు వదలమని ఆజ్ఞ అయింది. వదులుతున్నాను.
బావ

ఒరేయ్ చంద్రం,
తల సరిగ్గా తుడుచుకున్నావా? ముప్పై ఏళ్ళు పరుగెత్తావు, చివరికి అమ్మ నిన్ను అంత దూరం వచ్చి పట్టుకుంది. నీళ్ళు రొమ్ము దాకానే అన్నావు, ఆవిడ ఎప్పుడూ అంత లోతులోనే తోసేది. నీకు తెలియదు, నువ్వెప్పుడూ ఉంటేగా! ఇప్పుడు ఈత మానకు. ఎల్విరమ్మగారికి నా నమస్కారం చెప్పు. ఆ చెక్కరేవు మీద పిల్లలెవరైనా ఈత రాక నిలబడి కనిపిస్తే, ఏం చెయ్యాలో నీకిప్పుడు తెలుసు.
అక్క